నాయిన పల్టన్

అకాడమీ, చెన్నై
20 అక్టోబర్ 2024

నాయినా,

నా ఫోన్ మోగడం లేదని పరేషాన్ కాకు. వచ్చిన రోజే తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. వారానికి ఒక ఉత్తరం ఇంటికి రాసి తీరాలని మా ప్లటూన్ కమాండర్ ఆర్డర్. అమ్మకు రాస్తే చదివి వినిపించడానికి చెల్లె రోజా వంద బేరాలాడుతుంది. అందుకే నీకు, నువ్వు కాపలా కాసే బ్యాంకు అడ్రసుకు రాస్తున్నాను. పదిహేడేళ్లు నువ్వు ఫౌజ్ నుంచి రాశావు. ఇప్పుడు నా వంతు.

కాళ్లకు బొబ్బలు, మోచేతులకు గీతలు, జుట్టు కురచ. ఇవేవీ అమ్మకు చెప్పకు. బాగా తింటున్నదని చెప్పు. అది నిజమే, ఇక్కడ తినడం కూడా పరేడే.

ఆ పరేడ్‌లోనే నేను తప్పాను. శుక్రవారం అందరినీ పెద్ద డైనింగ్ హాల్లో కూర్చోబెట్టారు. ఒక్కొక్క ప్లేటు చుట్టూ ఆరేడు చెంచాలు, కత్తులు, ఫోర్కులు. మన ఇంట్లో అందరికీ కలిపి అన్ని లేవు. నా పక్కన సింధూజ అని హైదరాబాద్ అమ్మాయి, వాళ్ల నాన్న కర్నల్. ఆమె చూడకుండానే ఏది కావాలంటే అది చేతిలోకి తీసుకుంటోంది. నేను బఠాణీని ఫోర్కుతో పొడిచాను. అది ఎగిరి ఎదురుగా ఉన్న కెప్టెన్ మేడం నీళ్ల గ్లాసులో పడింది. ఆమె నవ్వలేదు. నవ్వినా బాగుండేది. భోజనం తరువాత గ్రౌండ్ చుట్టూ నాలుగు రౌండ్లు పరుగెత్తించారు.

పరుగుకు ఏడవలేదు నాయినా. అంత పెద్ద హాల్లో నాకొక్కదానికే అన్నం తినడం రానట్టు అనిపించింది. దానికి ఏడ్చాను.

మనీషా

•

నాగర్‌కర్నూల్
3 నవంబర్

బిడ్డా మనీషా,

నీ ఉత్తరం పావని మేడం చేతికొచ్చింది. బ్యాంకు మేనేజరమ్మ ఆమె. “గీ కాలంల గూడ ఉత్తరాలు రాసెటోళ్లు ఉన్నరా సాంసన్?” అన్నది. “ఫౌజోళ్లు రాస్తరు మేడం” అన్న. గేటు కాడ నా కుర్చీల కూసోని రెండుసార్లు చదివిన.

బఠాణి ఎగిరిందని ఏడుస్తరా? ఎంతమందివి ఎగిరినయో నాకెరుక. జర మంచిగ విను.

ప్లేటుకు దూరంగ ఉన్నదాన్ని ముందుగాల తీసుకోవాలె, దగ్గరున్నది ఆఖరుకు. సూపు చెంచ నీ దిక్కు గుంజద్దు, అవుతలి దిక్కు నెట్టి ఎత్తాలె. ఊదద్దు. చప్పుడు రావద్దు. బఠాణిని పొడవనే పొడవద్దు. ఫోర్కు బోర్లిచ్చి, దాని ఈపు మీదికి కత్తితోని నెట్టాలె. జర ఆలుగడ్డ ముద్ద అంటిస్తె యాడికీ పోదు. రొట్టెకు కత్తి ముట్టియ్యద్దు, చేతితోనె తుంచాలె, మనింట్ల జొన్నరొట్టె తుంచినట్టె. తినుడయినంక కత్తి, ఫోర్కు పక్కపక్కన పండవెట్టు. ఎడంగ పెడితె ఇంక తింటనంటున్నవని లెక్క. వడ్డించెటాయన ఎడమ దిక్కుకెల్లి వస్తడు, నువ్వు జర కుడికి ఒరుగు. ఆయన మొఖం ఒక్కసారి చూడు. చూడకుంటె ఎవ్వరేమనరు. అయినా చూడు.

నీకెట్ల తెలుసు నాయినా అంటవేమొ. పదిహేడేండ్లు ఫౌజ్ల ఉంటె గోడలకు గూడ తెలుస్తది.

మీ అమ్మ పల్లికాయ పీకనీకె కూలికి పోతున్నది. వద్దంటె ఇనదు. “బిడ్డకు పెరుగు పెడ్తున్నరా?” అని అడుగుమన్నది. పెడ్తున్నరా?

నాయిన

•

అకాడమీ, చెన్నై
12 జనవరి 2025

నాయినా,

పెడుతున్నారు, కప్పులో చక్కెర వేసి. అమ్మకు ఆ చక్కెర సంగతి చెప్పకు.

నిన్న మళ్లీ పెద్ద విందు. నువ్వు రాసింది మూడు వారాలు చదివి, బాత్‌రూములో దువ్వెననే ఫోర్కు అనుకుని సాధన చేశాను. సింధూజ చూసి పడీ పడీ నవ్వింది. నిన్న ఒక్క బఠాణీ ఎగరలేదు. కెప్టెన్ మేడం నా కుర్చీ వెనక ఆగి, “ఎవరు నేర్పారు?” అని అడిగారు. “మా నాన్న మేడం. ఇంజనీర్ రెజిమెంట్‌లో సాపర్‌గా చేశాడు. నదుల మీద వంతెనలు కట్టాడు” అన్నాను. ఆమె నన్నొకసారి, నా చేతిలోని ఫోర్కునొకసారి చూసి వెళ్లిపోయారు.

ఆదివారాలు ఫోన్ ఇస్తున్నారు. కానీ ఫోన్‌లో నువ్వు “తిన్నవా, ఉన్నవా, పెట్టేస్త” తప్ప మాట్లాడవు. ఉత్తరంలోనే నువ్వు నువ్వుగా ఉంటావు. కాబట్టి మనకు ఇదే.

ఇక్కడ డ్రిల్ మధ్యలో నిలబడి ఉన్నప్పుడు ఊరికే పాత సంగతులు గుర్తొస్తాయి. నువ్వు సెలవు మీద వచ్చే రోజు వనపర్తి బస్టాండులో అమ్మ, నేను, రోజా పొద్దున్నుంచే కాపు కాసేవాళ్లం. బస్సు పైనుంచి నీ నల్ల ట్రంకు దించుతుంటే రోజా “అది మాది, అది మాది” అని అందరికీ చెప్పేది. పెద్దమందడి దాకా ఆటోలో ఆ ట్రంకు మీద కూర్చునేది నేనే. నువ్వు లేనప్పుడు నీ ఉత్తరం వస్తే రుక్కమ్మ పెద్దమ్మ అరుగు మీద చదివేది, వాడంతా చుట్టూ కూర్చునేది. “పొద్దు మునగకముందే నది మీద వంతెన ఏసినం. మొదటి ట్యాంకు దాటుతుంటె కాళ్ల కింద ఇనుము పాట పాడింది” అని ఆమె చదివితే, నాగన్న తాత “గది మన సాంసన్ ఏసిందేనా? మల్ల చదువు” అని ఆ ముక్కనే మూడుసార్లు చదివించుకునేవాడు. మన గల్లీలో మోరీ మీద ఇటుక ముక్కలతో నేను కట్టిన వంతెనలెన్నో నీకు తెలియదు. సివిల్ ఇంజనీరింగ్ ఎందుకు చదివానంటే ఇంకో కారణం లేదు నాయినా.

ఇప్పుడు అసలు విషయం. మేము ఏ శాఖలోకి వెళ్లాలో వరుసగా కోరుకుని రాసివ్వాలి. సిగ్నల్స్, ఆర్టిలరీ, సప్లై, ఇంజనీర్స్, ఇట్లా. మార్కులూ ఇంటర్వ్యూలూ చూసి ఇస్తారు. ఒక్కసారి పడితే ఫౌజ్‌లో ఉన్నన్ని రోజులూ అదే మన ఇల్లు. అయితే ఒక వెసులుబాటు ఉంది. తండ్రి పనిచేసిన పల్టన్‌ను పిల్లలు హక్కుగా అడగవచ్చు. పేరెంటల్ క్లెయిమ్ అంటారు. ఆఫీసర్ల పిల్లలకే కాదు, జవాన్ల పిల్లలకు కూడా. సింధూజ వాళ్ల నాన్న యూనిట్ అడుగుతోంది. నాకూ ఉంది కదా ఒక పల్టన్! ఆ మాట ఆమెతో అన్నప్పుడు నాకు ఎంత గర్వంగా అనిపించిందో.

నీ డిశ్చార్జ్ బుక్కు మొదటి రెండు పేజీలు జిరాక్స్ తీసి పంపు. ఏప్రిల్ నెలాఖరు ఆఖరి తేదీ.

మనీషా

•

పెద్దమందడి
16 ఫిబ్రవరి

బిడ్డా,

ఉత్తరం అందింది. ఇంట్ల అందరం మంచిగున్నం.

బుక్కు దొరుకుతలేదు. ధరూర్‌ల మీ అవ్వ ఇంట్ల ట్రంకుల ఉన్నదనుకుంట. తాళం యాడనో పడ్డది.

ఇంజనీర్స్ ఎందుకు? ఎండకు, మట్టికి, నీళ్లకు చావాలె. సిగ్నల్స్ మంచిది. సప్లై గూడ మంచిదె. నీడపట్టున పని. నీకు మంచి మార్కులున్నయంటున్నవు గద, ఎవరి హక్కులు మనకెందుకు? నీ కాళ్ల మీద నువ్వు అడుగు.

రోజాకు పరీక్షలున్నయి. ఉంట.

నాయిన

•

అకాడమీ, చెన్నై
9 మార్చి

నాయినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, ఇది నువ్వు రాసిందేనా అని. చేతిరాత నీదే. నాగన్న తాత మూడుసార్లు చదివించుకున్న ఉత్తరాలు రాసిన మనిషి “ఎండకు, మట్టికి చావాలె” అంటాడా?

ఆదివారం అమ్మను అడిగాను. “ట్రంకు తాళం చెవి మీ నాయిన మొలతాడుకే ఉంటది, యాడ పడ్తది?” అన్నది. మరి నాకు పడిపోయిందని ఎందుకు రాశావు?

నాకు తోచిన కారణం ఒకటే. నేను ఆడపిల్లనని. నదిలో నడుము దాకా దిగి తాళ్లు పట్టడం, ఇనుప పలకలు మోయించడం బిడ్డకెందుకు అని. అదే అయితే సూటిగా చెప్పు. నన్ను ఎన్‌సీసీలో చేర్చినప్పుడు వాడలో ఎవరేమన్నా పట్టించుకోనిది నువ్వే. ఇప్పుడు ఆఖరి మెట్టు మీద నువ్వే వద్దంటే నాకు చాలా కష్టంగా ఉంది.

నేను సొంతంగా అడిగితే ఇంజనీర్స్ రావచ్చు, రాకపోవచ్చు. నీ పల్టన్ మాత్రం నీ బుక్కు లేకుండా రాదు. నాకు కావాల్సింది ఏదో ఒక ఇంజనీర్ రెజిమెంట్ కాదు, నీది. నువ్వు నడిచిన గేటు లోపలికి నేను నడవాలి.

ఇంకా ఏడు వారాలు ఉన్నాయి.

మనీషా

•

గద్వాల
6 ఏప్రిల్

బిడ్డా మనీషా,

నిన్న ధరూర్ వచ్చిన. మీ అవ్వకు మోకాళ్ల నొప్పులని మీ అమ్మకు చెప్పి వచ్చిన గాని, నొప్పి ఆమెది గాదు, నాది. పొద్దున ట్రంకు తీసిన. బుక్కు పట్టుకొని ఆటోల గద్వాలకొచ్చి, జిరాక్స్ తీపిచ్చి, కోట ఎనుక చాయ్ హోటల్ బల్ల మీద కూసోని రాస్తున్న. ఇది మూడో కాయితం. రెండు చింపేసిన.

నువ్వు ఆడపిల్లవని కాదు. ఆ మాట నువ్వు రాసినందుకె ఇయ్యాల నిజం చెప్పుతున్న. నా అబద్ధానికి నీ మీద మచ్చ పడద్దు.

నేను సాపర్ని కాదు. పల్టన్ అదే, నెంబరు అదే. కాని నేను ఆఫీసర్ మెస్‌ల వెయిటర్ని. బుక్కుల ట్రేడ్ అని రాసి ఉన్న కాడ గదే ఉన్నది. పదిహేడేండ్లు చాయ్ ఇచ్చిన, సూపు వడ్డించిన, ప్లేట్లెత్తిన.

మీ తాత రామచంద్రయ్య ఊరి దొర ఇంట్ల పెండ్లయితె ఎంగిలాకులెత్తెటోడు. ఎనిమిదేండ్లప్పుడు ఒకసారి ఆయనెంబడి గంప మోసిన. గా దినమె ఒట్టు పెట్టుకున్న, సచ్చినా ఒకరి ఎంగిలి ముట్ట అని. పాలమూర్ల ఫౌజ్ భర్తీ పెడితె ఉరికిన. సాపర్‌కు ఛాతి సరిపోలె. “ట్రేడ్స్‌మన్ ఖాళీ ఉన్నది, వస్తవా?” అన్నడు ఒక సుబేదార్ సాబ్. వాడంత నాకు దండ ఏసి పంపింది. ఉత్తగ యెనుకకు పోయి ఏం మొఖం చూపియ్యాలె? వస్తనన్న. ట్రైనింగ్ అయినంక గాని తెల్వలె, ఆ పని ఏందో.

మీ అమ్మకు మొదటి ఉత్తరంలనె నిజం రాద్దామని కూసున్న. కాని ఆమెకు సదువు రాదు. చదివెటిది రుక్కమ్మ వదిన, ఇనేది వాడంత. అరుగు మీద మా నాయిన ముందట, నాగన్న ముందట, నీ కొడుకు గూడ ఎంగిలి ప్లేట్లె ఎత్తుతుండని ఆమె నోటెంబడి రావాలెనా? అందుకె వంతెన కట్టిన. ఒకటి కట్టినంక ఇంకోటి కట్టక తప్పలె.

ఆ ముచ్చట్లు మాత్రం దొంగయి గావు. ఆఫీసర్లు టేబుల్ కాడ మాట్లాడుకునేటివి ఇని, అట్లనె రాసిన. చెవులు నావి, చేతులు వాళ్లయి. ఒక్కసారి వరదలొచ్చినప్పుడు వంటోళ్లను, మంగలోళ్లను, మమ్ముల గూడ తోలిండ్రు, దినమంత తాడు పట్టి గుంజిన. గది ఒక్కటి నాది.

ఇంకోటి గూడ చెప్పాలె, ఎవ్వరికీ చెప్పలె. సిగ్గుపడుకుంటనె పోయిన గాని, ఆ పని మీద నాకు మనసు పడ్డది. మనూర్ల హోటల్ల నాకు ఏరే గిలాస ఉండె, దాన్ని నేనె కడిగి బోర్లియ్యాలె. ఆడ కర్నల్ సాబ్ నా చేతి చాయ్ తాగంది పరేడ్‌కు పోకపోతుండె. కొత్త లెఫ్టినెంట్లు నీ లెక్కనె బఠాణీలు ఎగరగొట్టుకుంట వస్తుండ్రి. వంటింటెనుక కూసోబెట్టి ఫోర్కు పట్టుడు నేర్పిస్తుంటి. తెల్లారి టేబుల్ కాడ నన్ను చూసి కండ్లతోనె నవ్వుతుండ్రి. ఎండి గిన్నెలు తోమి వరుసగ పేరుస్తె వాటిల్ల మనిషి మొఖం కనిపిస్తుండె. ఇప్పుడు బ్యాంకు గేటు కాడ కూసున్నప్పుడు నాకు వంతెనలు యాదికి రావు బిడ్డా, అవే యాదికొస్తయి.

నా భయం ఏందంటె, నువ్వు ఆ పల్టన్‌కు పోతె, నేను నిలవడ్డ జాగల ఇంకొకలు నిలవడ్తరు, ముందట కుర్చీల నువ్వు కూసుంటవు. ఎవడన్న ఒకడు “వెయిటర్ బిడ్డ” అని మూతి తిప్పి నవ్వితె? నా మూలంగ నీ తల వంగద్దు. అందుకె సిగ్నల్స్ అన్న.

జిరాక్స్ ఈ కవర్లనె పెట్టిన. ఇచ్చుడు, చింపుడు నీ ఇష్టం. మీ అమ్మకు ఇంక తెల్వదు.

నాయిన

•

అకాడమీ, చెన్నై
27 ఏప్రిల్

నాయినా,

పోయిన రెండు ఆదివారాలు నేను ఫోన్ చేయలేదు. పరీక్షలని అమ్మతో సింధూజ చేత చెప్పించాను. పరీక్షలు కాదు, కోపం. నీ మీద ఇంత కోపం నాకెప్పుడూ రాలేదు.

వెయిటర్‌వని కాదు. ఆరో తరగతిలో స్కూలు వార్షికోత్సవంలో “మా నాన్న కట్టిన వంతెన” అని నేను చదివాను. నువ్వు రిటైరై వచ్చిన కొత్త. మొదటి వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టావు. రుక్కమ్మ పెద్దమ్మ చదివిన ఉత్తరాల సంగతి సరే, వాడంతా వింటుంది, ఒప్పుకున్నాను. కానీ నాకు చదువు వచ్చు కదా నాయినా? నాకు చెప్పడానికి నీ దగ్గర పదకొండేళ్లు ఉన్నాయి. నా ముందు కూడా నువ్వు సిగ్గుపడ్డావు. అది నన్ను కోసింది.

పది రోజులు అలా గడిచాయి. పదకొండో రోజు రాత్రి భోజనానికి మాకు సూపు తెచ్చిన ఆయన మొహం చూశాను. నువ్వు చూడమన్నావని ఆరు నెలలుగా చూస్తూనే ఉన్నాను. ఆ రోజు ఆయన చెయ్యి కూడా చూశాను. బొటనవేలు మీద పాత కాలిన మచ్చ. నీ కుడి చేతికీ ఉంది అలాంటిది. దాన్ని నువ్వు మాకు వంతెన బోల్టు మచ్చ అని చెప్పావు. అక్కడే కన్నీళ్లు వచ్చేశాయి. సూపులో ఉప్పు ఎక్కువైందా అని సింధూజ అడిగింది.

మరునాడు ఫారం నింపాను. మొదటి కోరిక ఇంజనీర్స్, నీ పల్టన్. తండ్రి ట్రేడ్ అన్న గడిలో మెస్ వెయిటర్ అని, గడి పట్టనంత పెద్ద అక్షరాలతో రాశాను.

అంతకుముందు కెప్టెన్ మేడం దగ్గరికి వెళ్లి, మా నాన్న వంతెనలు కట్టాడని జనవరిలో నేను చెప్పింది తప్పు మేడం అన్నాను. “ఆ ఫోర్కు పాఠం నేర్పింది సాపర్ కాదని నాకు ఆ రోజే తెలుసు. ఆఫీసర్లకు కూడా అంత బాగా రాదు” అన్నారు. ఈసారి నవ్వారు.

నిన్న ఇంటర్వ్యూ అయింది. ముగ్గురు. మధ్యలో కూర్చున్న బ్రిగేడియర్ సాబ్ కాగితం చాలాసేపు చూసి అడిగారు: “మీ నాన్నగారు వడ్డించిన టేబుల్ దగ్గర మీరు కూర్చుంటారు. ఇబ్బందిగా ఉండదా?”

“ఉంటుంది సర్” అన్నాను. ఉండదంటే అది ఇంకో అబద్ధం అవుతుంది కదా.

“అయితే ఎందుకు అడుగుతున్నారు?”

“అక్కడికి వచ్చిన కొత్త ఆఫీసర్లకు మా నాన్న తినడం నేర్పాడు సర్. ఆయన నేర్పిన వాళ్లలో ఆఖరిదాన్ని నేను. నేను వేరే పల్టన్‌కు వెళ్తే ఆయన పని అక్కడ మధ్యలో ఆగినట్టు ఉంటుంది.”

ఇది ముందు అనుకున్న జవాబు కాదు. అప్పటికప్పుడు వచ్చింది. ఆయన ఏదో రాసుకుని వెళ్లమన్నారు. దక్కుతుందో లేదో తెలియదు.

ఇక నిన్ను అడిగేది ఒక్కటే. అమ్మకు నువ్వే చెప్పు. నేను చెప్పను, రోజా చెప్పకూడదు. నువ్వే, ఎదురుగా కూర్చుని.

మనీషా

•

పెద్దమందడి
10 ఆగస్టు

బిడ్డా,

నీకు మన పల్టనే వచ్చిందని ఫోన్ల చెప్పినప్పుడు ఫోన్ రోజాకిచ్చిన. ఏమనుకోకు. నీ మీద కోపమా అని అడిగినవట. కోపం కాదు, ఏడుపు.

నువ్వు చెప్పమన్నది చెప్పనీకె నాకు మూడు నెలలు పట్టింది. ప్రతి ఐతారం నాగర్‌కర్నూల్ కెల్లి బస్సెక్కినప్పుడు ఇయ్యాల చెప్త అనుకుంటుంటి, ఇంట్ల అడుగుపెట్టంగనె వచ్చె ఐతారం అనుకుంటుంటి. పోయిన వారం చర్చికి పోయొచ్చినంక, మీ అమ్మ రొట్టెలు కాలుస్తుంటె పొయ్యి కాడ కూసోని మొత్తం చెప్పిన. వంతెనలు, అరుగు, రుక్కమ్మ వదిన, అన్ని. ఆమె రొట్టె తిప్పుడు ఆపలె. నేను తల వంచుకొని కూసున్న.

అంత అయినంక అడిగింది: “పదిహేడేండ్లు నువ్వు గిలాసలు కడిగినవా?”

“కడిగిన.”

“ప్లేట్లు?”

“అవి గూడ.”

“మరి గీ ఇంట్ల ఒక్కనాడు ఒక్క గిలాస కడిగినవా నువ్వు? పెండ్లయి ఇరువై ఆరేండ్లు! ఫౌజాయన, వంతెనలు కట్టినాయన, ఆయన చేతికి మసి అంటద్దని నేను సచ్చుకుంట తోముతి గద!”

అట్లకాడ పట్టుకొని లేచింది బిడ్డా. నేను నిజంగనె ఉరికిన. రోజా నవ్వి నవ్వి కింద పడ్డది.

పొద్దూకినంక మీ అమ్మ వచ్చి పక్కన కూసోని, “నాకన్న చెప్పకపోతివి. నేను ఎవరికి చెప్పెడిదాన్ని?” అన్నది. గంతే. నువ్వు అడిగిందె ఆమె గూడ అడిగింది.

ఇప్పుడు ఐతారం ఐతారం ఇంట్ల వడ్డించుడు నాదె. ఎడమ దిక్కుకెల్లి వడ్డిస్తున్న. మీ అమ్మ జర కుడికి ఒరిగి, మారాణి లెక్క కూసుంటున్నది.

సెప్టెంబర్‌ల ఇద్దరం వస్తం, నీ భుజం మీద స్టార్లు పెట్టనీకె. మీ అమ్మ చీరె కొన్నది. నేను పాత మెడల్స్ తోమిపెట్టిన.

నాయిన

•

రెజిమెంట్ ఆఫీసర్స్ మెస్
16 నవంబర్ 2025

నాయినా,

చేరి వారం అయింది. ఎక్కడ ఉన్నానో రాయకూడదు, నీకు తెలిసిందే. నువ్వు చెప్పినట్టే ఉంది. గేటు దగ్గర నుంచి మెస్ దాకా సున్నం కొట్టిన రాళ్లు, వెనక వంటింటి వరండా. ఆ వరండాలో ఒక పాత బెంచీ ఉంది, నువ్వు పాఠాలు చెప్పింది దాని మీదేనేమో. అడగలేదు, ఊరికే కాసేపు కూర్చున్నాను.

మొదటి రోజు ఒకటి జరిగింది. పొద్దున్నే యూనిఫాం వేసుకుని రిపోర్ట్ చేయడానికి వెళ్తే, ముందు మేజర్ సాబ్‌ను కలవమన్నారు. పెద్ద టేబుల్ వెనక మీసాల మనిషి, నలభై దాటి ఉంటాడు. గట్టిగా సెల్యూట్ కొట్టాను, నేల అదిరేలా. ఆయన నిదానంగా జవాబిచ్చి అరగంట నన్ను వేపుకు తిన్నాడు. పెద్దమందడి మ్యాపులో చూపించు, జెండా కర్ర దాకా ఎన్ని అడుగులో లెక్కపెట్టి రా, పాట పాడు. చెమటలు పట్టేశాయి. పాడాను కూడా, చర్చిలో పాడేది ఒకటి.

సాయంత్రం మెస్‌లో అందరితో పాటు కూర్చున్నాను. నా ఎడమ వైపు నుంచి సూపు వచ్చింది. మొహం చూశాను. తెల్లకోటు వేసుకుని, చేతిలో ట్రేతో, పొద్దుటి మేజర్ సాబ్! మొత్తం టేబుల్ ఘొల్లున నవ్వింది. ఆయన మెస్ హవల్దార్. కొత్తగా వచ్చే ప్రతి ఆఫీసర్‌నూ ఇలాగే ఆటపట్టిస్తారట, ఈ పల్టన్‌లో ఏనాటి నుంచో ఉన్న ఆచారమట. నేనూ నవ్వాను, కళ్లలో నీళ్లు వచ్చేంత.

ఆయన ప్లేటు పెడుతూ మెల్లగా అడిగాడు, “సాంసన్ ఉస్తాద్ బిడ్డవు కదా మేడం? నాకు ట్రే పట్టడం నేర్పింది ఆయనే.”

నాకు తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. వడ్డించే మనిషికి ఆఫీసర్లు లేచి నిలబడరని నాకు తెలుసు. ఆయన సూపు పోయడం అయ్యేదాకా నిలబడే ఉన్నాను. నవ్వులు ఆగిపోయాయి. కర్నల్ సాబ్ నన్ను చూశారు, ఆయన్ను చూశారు. “కూర్చోండి లెఫ్టినెంట్, సూపు చల్లారిపోతుంది” అన్నారు. అంతే, మళ్లీ మాటల్లో పడ్డారు. ఎవరూ మూతి తిప్పలేదు నాయినా.

ఒక్కటి చెప్పు. బఠాణీ దగ్గర నుంచి అన్నీ రాసినవాడివి, ఈ ఆట సంగతి నాకెందుకు రాయలేదు? ఆ మేజర్ కుర్చీలో నువ్వు కూడా కూర్చున్నావా?

మనీషా

•

నాగర్‌కర్నూల్
1 డిసెంబర్

బిడ్డా మనీషా,

కూసున్న. తొమ్మిదిసార్లు. మీసాలు నాకు గూడ ఉండె అప్పుడు.

చెప్పలేదంటె, మెస్ ముచ్చట మెస్ గోడ దాటద్దు. బిడ్డకైనా సరె. ముందుగాల తెలిస్తె నువ్వు ఉత్తుత్తగ భయపడ్డట్టు చేస్తుంటివి, వాళ్ల సంబురం చెడుతుండె. గా ఆట అందరికీ కావాలె. రేపు నువ్వు గూడ ఎవ్వరికీ చెప్పకు.

ఎనిమిదిమంది కొత్త లెఫ్టినెంట్లు నీ లెక్కనె నవ్విండ్రు. ఒకాయన మాత్రం వెయిటర్‌కు సెల్యూట్ కొట్టిచ్చిండ్రని కోపానికొచ్చి, రెండ్రోజులు నా చేతి తిండి ముట్టలె. మూడో దినం వంటింటెనుకకు వచ్చి చాయ్ అడిగి తాగిండు. ఎవ్వరు లేచి మాత్రం నిలవడలె. నిలవడద్దు గూడ, అది కానూన్ కాదు. నువ్వు గూడ దినాం నిలవడకు. సూపు నిజంగనె చల్లారుతది, వడ్డించెటోనికి చెయ్యి నొస్తది.

సెల్యూట్ కొడితె జవాబియ్యాలె, గది మాత్రం కానూన్. ఆ కుర్చీల తొమ్మిదిసార్లు జవాబిచ్చిన. చెయ్యి లేస్తుండె గాని మనసు లేవకపోతుండె. ఆ సెల్యూట్ భుజం మీద పెట్టిన పట్టీకి, నాకు కాదు, జరసేపయితె తెల్లకోటేసి ట్రే పట్టాలె అని ఎరుకె.

నీ ఉత్తరం వచ్చిన దినం పింఛన్లు ఇచ్చె దినం. బ్యాంకు నిండ ముసలోళ్లు. గేటు కాడ నిలవడి చదివిన. నువ్వు లేచి నిలవడ్డ కాడికొచ్చినంక ముందుకు చదవనీకె రాలె. కాయితం జేబుల పెట్టిన. టోపీ సదురుకున్న. నువ్వు ఏ దిక్కున్నవో నాకు తెల్వదు గద, అందుకె రోడ్డు దిక్కే తిరిగి, మడిమలు కొట్టి, సెల్యూట్ కొట్టిన.

పావని మేడం అద్దంలకెల్లి చూసి, గాబరగ ఉరికొచ్చింది. “ఎవరొచ్చిండ్రు సాంసన్? హైదరాబాద్ కెల్లి పెద్దసారా?”

“కాదు మేడం” అన్న. “మా పల్టన్ ఆఫీసర్.”

నాయిన